పప్పులో ఇస్త్రీ పెట్టె

అత్తయ్యకి,

బస్టాండులో మైకు ముందు కూర్చుని, రెండు బస్సుల మధ్య దొరికిన సందులో మీ కోడలు రాస్తున్న ఉత్తరం. ఫోను చేస్తే మీ కుట్టుమిషన్ చప్పుడు తప్ప నాకేమీ వినపడదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

ముందు మంచి కబురు. ఐదో నెల వచ్చింది, లోపల కదలికలు మొదలయ్యాయి. నేను మైకులో మాట్లాడినప్పుడల్లా ఒక తన్ను తంతోంది. నా గొంతు నచ్చిందో, నచ్చలేదో పుట్టాక అడగాలి.

ఇప్పుడు రెండోది. మీరు కంగారు పడనంటేనే చదవండి. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేసి, హిమోగ్లోబిన్ పదకొండు ఉండాల్సిన చోట ఎనిమిదిన్నరే ఉందన్నారు. ఒంట్లో ఇనుము చాలక రక్తం పలచబడిందట. లోపలున్నది తన వాటా ముందే లాగేసుకుంటుంటే నాకేమీ మిగలట్లేదట. కాన్పు నాటికి పది దాటకపోతే మా వీధిలో ఉన్న ఈ ఆసుపత్రిలో చెయ్యరట, దూరంగా ఉన్న పెద్దాసుపత్రికి పంపేస్తారట. రక్తం ఇంత తక్కువగా ఉంటే, కాన్పులో కాస్త పోయినా తట్టుకోలేనన్నారు. పైకి నవ్వుతున్నాను గానీ అత్తయ్యా, ఆ మాట విన్నప్పటి నుంచి లోపల దిగులుగానే ఉంది.

ఆయాసం సంగతి చెప్తే మీరు నవ్వుతారు. "మూడో నంబరు దగ్గరున్న బస్సు..." అని ఆగి ఊపిరి తీసుకునేలోపు, బస్సు రద్దయిందనుకుని జనం దిగిపోతున్నారు. నిన్న డ్రైవరు కూడా దిగి ఇంటికి బయల్దేరాడు. ఇక మా నాలుగంతస్తుల మెట్లు నాకు రోజూ ఒక యాత్ర. ఊళ్లో అందరి లిఫ్టులూ బాగుచేసే మీ అబ్బాయి, మా బిల్డింగు లిఫ్టు దగ్గరికొచ్చేసరికి "పార్టు రావాలి" అంటాడు.

మాత్రలిచ్చారు. ఆకుకూరలు, పప్పులు, గుడ్లు, మాంసం బాగా తినమన్నారు. మీరు వేళకి తింటున్నారా?

మీ కోడలు

తా.క.: ఎవరికీ చెప్పకండి. బస్సుల టైములు రాసే బోర్డు దగ్గర సుద్దముక్క చూస్తే నాకు నోరూరుతోంది. ఇవాళ దాన్ని వాసన చూస్తుంటే మా మేనేజరు కంటబడ్డాను. సరుకు మంచిదో కాదో చూస్తున్నానని చెప్పాను.

*

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివి కత్తెర పక్కన పెట్టేశాను. నేను కత్తెర పక్కన పెట్టడమంటే మాటలు కాదు. ఎదురుగా ఒకావిడ రేపటి పెళ్లికి జాకెట్టు కోసం కాచుక్కూర్చుంది. ఒక చెయ్యి కుట్టాను, ఇంకో చెయ్యి కోసం మళ్లీ రమ్మన్నాను.

తప్పంతా మావాడిదే. నాకు తెలుసు వాడి సంగతి. చిన్నప్పుడు వాడి గుడ్డు వాడు తిని, మాట్లాడుతూ మాట్లాడుతూ పక్కవాళ్ల గుడ్డు కూడా లాగించేవాడు. నీ రక్తం తగ్గిందంటే నీ కంచంలోది ఎక్కడికి పోతున్నట్టు? వాడికి వేరే కాగితం పెట్టాను. నువ్వు తిని లేచేదాకా వాడు వంటింటి గడప తొక్కకూడదు.

ఇక ఆయాసమంటావా, అది జబ్బెలా అవుతుంది? గుడ్డల తాను ఎత్తితే నాకూ వస్తుంది. లేచి నిలబడితే గది గిర్రున ఒక చుట్టు తిరిగి, మళ్లీ తన చోట తను కూర్చుంటుంది. నాకు అలవాటైపోయింది, గదికీ అలవాటైపోయింది. డాక్టర్లకి అన్నిటికీ ఒక పేరు పెట్టడం సరదా.

నా బలమంతా టీలో ఉంది. మిషన్‌కి నూనె, నాకు టీ. నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి, ఇక తిండికి చోటేది? టీ అయితే సూదుల సందులోంచి కూడా దిగుతుంది. నీకూ ఒక పెద్ద ప్యాకెట్టు పంపుతున్నాను. నల్లగా, చిక్కగా కాచుకుని, ఆ మాత్ర దాంతోనే మింగు. మాత్ర లోపల ఎక్కడా ఆగకుండా పోతుంది.

కడుపులో ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకో. దాని చొక్కాలకి కొలతలు అప్పుడే ఊహించుకుంటున్నాను.

మీ అత్త

తా.క.: సుద్ద మీద మనసైతే దాచుకోవడం దేనికి? బోర్డు సుద్ద ముట్టుకోకు, నాసిరకం. మా దర్జీ సుద్ద వేరు. నేను పెళ్లికి ముందు నుంచీ కొరుకుతున్నాను. నీలంది కాస్త చేదు, తెల్లది బాగుంటుంది. గులాబీ రంగుది ఆదివారాలకి దాచుకో. ప్యాకెట్టులో మూడు రకాలూ పెట్టాను.

*

అత్తయ్యకి,

మీ పార్శిలూ, మీ అబ్బాయి మీద మీ ఆర్డరూ ఒకే రోజు వచ్చాయి. పాపం, ఆయన గడప అవతల స్టూలు వేసుకుని కూర్చుంటున్నారు. నేను నములుతుంటే ఆయన గుటకలు వేస్తున్నారు. "ఇంకెన్ని ముద్దలు?" అని అక్కడి నుంచే అడుగుతారు. అత్తయ్యా, ఆయన నా కంచం ముట్టుకోరు, ఒట్టు. పాపం ఆ గడప శిక్ష ఎత్తెయ్యండి. మనిషి సగమయ్యారు, ఇప్పుడు ఆయనకీ పరీక్ష చేయించాల్సొచ్చేలా ఉంది.

సుద్ద తెల్లది సగం తిన్నాను. అబద్ధమెందుకు, చాలా బాగుంది. డాక్టరమ్మకి చెప్తే మాత్రం ఆవిడ కళ్లజోడు తీసి మరీ నా వైపు చూశారు. తినకూడనివి తినాలనిపించడం కూడా ఇనుము తక్కువైనందుకేనట. మిగతా సుద్ద మొత్తం తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆవిడ నర్సు మాత్రం ఒక నీలంది అడిగి తీసుకుంది. తినడానికి కాదులెండి, ఆవిడా బట్టలు కుట్టుకుంటుందట.

మాత్రలు మీరు చెప్పినట్టే చిక్కటి టీతో మింగుతున్నాను. కాస్త మలబద్ధకం చేసింది. దొడ్డికెళ్తే తారు రోడ్డు గుర్తొస్తోంది. ఈ మాత్రలకి నల్లగా రావడం మామూలేనని, భయపడి మానెయ్యొద్దని నర్సు చెప్పింది.

అసలు కబురు రాయడానికి చెయ్యి రావట్లేదు. మళ్లీ పరీక్ష చేశారు. ఎనిమిదిన్నర కాస్తా ఎనిమిదైంది. ఇంత తిని, ఇన్ని మాత్రలు మింగి వెనక్కెలా పోతున్నానో డాక్టరమ్మకే అర్థం కావట్లేదు. వచ్చే పరీక్షలోనూ ఇలాగే ఉంటే పెద్దాసుపత్రిలో చేర్చి నరంలోకి ఇనుము ఎక్కిస్తామన్నారు. ఇంటికొచ్చి బాగా ఏడ్చాను. మీ అబ్బాయి గడప దాటి లోపలికొచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆ ఒక్కసారికి ఆయన్ని ఏమీ అనకండి.

ఇనుప బాణలిలో వండుకుంటే అది కూడా కొంత సాయపడుతుందని నర్సు చెప్పింది. మా ఇంట్లో అన్నీ స్టీలువే. మీరు తిన్నారా? పోయిన ఉత్తరంలోనూ అడిగాను, మీరు చెప్పలేదు.

మీ కోడలు

తా.క.: ఇవాళ మైకులో చెప్తూ చెప్తూ ఊపిరి అందక ఆగాను. తర్వాత ఏ ఊళ్లు వస్తాయో ప్రయాణికులే గట్టిగా అందుకుని పూర్తి చేశారు. ఇక నా జీతం వాళ్లకే ఇవ్వాలి.

*

అమ్మాయ్,

ఏడవకు. నువ్వేడిస్తే లోపలున్నదానికి వినపడుతుంది.

నేను బాగా ఆలోచించాను. తప్పు నీది కాదు, మావాడిదీ కాదు. వాడి గడప శిక్ష ఎత్తేశాను. తప్పు ఆ ఆసుపత్రి మిషన్‌ది. మిషన్ల సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. దారం టెన్షను సరిగ్గా లేకపోతే నా మిషనే కుట్టుకి కుట్టు వదిలేస్తుంది. తిన్నది తిన్నట్టుండగా అంకె తగ్గిందంటే దాని లోపల ఏదో స్క్రూ వదులైంది. వెళ్లి నూనె వెయ్యమని చెప్పు.

మాత్రలూ అనుమానమే. నల్లగా వస్తోందంటే అది బొగ్గే అయ్యుండాలి. అయినా డాక్టరు ఇచ్చింది మానెయ్యమని నేను చెప్పను, ఆ పాపం నాకొద్దు. ఇంకో కప్పు టీ కలుపుకో, బొగ్గు విరిగిపోతుంది.

బాణలి గురించి రాశావు. నా దగ్గర ఇనుప బాణలి లేదు, కానీ ఇనుముంది. నా బొగ్గుల ఇస్త్రీ పెట్టె పంపుతున్నాను. మా అమ్మ చేతి మీదుగా వచ్చింది, అచ్చమైన పోత ఇనుము, రెండు చేతులా ఎత్తాలి. పప్పు ఉడికేటప్పుడు నెమ్మదిగా అందులో దించు. పిడి కొయ్యది, అది పైకి ఉండాలి. మూత తెరిచి పెట్టావంటే లోపలి ఇనుము కూడా దిగుతుంది. బాణలి ఎవరింట్లోనైనా ఓ మూల ఉంటుంది గానీ, ఇంత బరువైన బలం ఎవరి ఇంట్లో ఉంది చెప్పు?

దాన్ని పోస్టాఫీసు దాకా మోసుకెళ్లేసరికి కళ్లు బైర్లు కమ్మి కౌంటరు దగ్గరే కూర్చుండిపోయాను. ఎండ అంతే. ఒక టీ తాగాక లేచాను.

మీ అత్త

తా.క.: పప్పులోంచి తీశాక ఎలాగూ వేడిగానే ఉంటుంది. శుభ్రంగా తుడిచి మావాడి చొక్కా ఒకటి రుద్దెయ్యి. గ్యాసు వృథా కాదు.

*

అత్తయ్యకి,

మీ ఇస్త్రీ పెట్టె క్షేమంగా చేరింది. తెచ్చిన పోస్టుమాను మాత్రం క్షేమంగా లేడు. నాలుగంతస్తులు మోసుకొచ్చి, గుమ్మంలో దాన్ని దించి, దాని మీదే కూర్చుండిపోయాడు. మంచినీళ్లు తాగి, ఇంట్లో లిఫ్టులు బాగుచేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఉన్నారని నిజం చెప్పాను. "వాడితో నేను మాట్లాడాలి" అన్నాడు. ఏం మాట్లాడుకున్నారో తెలీదు గానీ మర్నాడే పార్టు దొరికింది, లిఫ్టు నడుస్తోంది. మీ పెట్టె ఇచ్చిన బలం ముందు లిఫ్టుకే పట్టింది.

నేను వద్దంటున్నా వినకుండా మీ అబ్బాయి అమ్మ మాట కాదనలేక దాన్ని పప్పులో దించారు. కాసేపటికి ఇల్లంతా మాడిన గుడ్డ వాసన. పప్పు నల్లబడింది. గరిటె పెట్టి తిప్పితే అందులోంచి ఒక గుండీ పైకి తేలింది. ఇద్దరం ఆ గుండీ వైపు చాలాసేపు చూశాం. ఆ పూట గుడ్లు ఉడకబెట్టుకున్నాం.

ఈ కథ చెప్తే డాక్టరమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. మామూలు ఇనుప బాణలి చాలట. అదైనా మాత్రకి తోడే గానీ బదులు కాదట. తర్వాత నర్సు ఊరికే అడిగినట్టు అడిగింది, మాత్ర దేంతో మింగుతున్నావని. "చిక్కటి టీతో" అన్నాను గర్వంగా. ఇద్దరూ నవ్వడం ఆపేశారు.

అత్తయ్యా, కోపం తెచ్చుకోకండి. దొంగ టీయేనట. మాత్రలోని ఇనుముని, తిండిలోని ఇనుముని కడుపులోనే పట్టేసుకుని ఒంటికి అందనివ్వదట. మాత్రకీ, భోజనానికీ దగ్గర్లో టీ గానీ కాఫీ గానీ పనికిరాదట. పాలతో కూడా మాత్ర వెయ్యొద్దట. అదే నిమ్మరసమో, నారింజపండో అయితే ఇనుముని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుందట. ఇవాళ్టి నుంచే మార్చేశాను. వచ్చే పరీక్షే ఆఖరి మాట. అప్పటికీ పెరగకపోతే పెద్దాసుపత్రికి నా పెట్టె సర్దుకోవడమే.

ఇంకొకటి. సరదాకి మీ ఉత్తరాలు డాక్టరమ్మకి చదివి వినిపించాను. గది గిర్రున తిరిగి తన చోట తను కూర్చుంటుందన్న దగ్గర ఆవిడ నన్ను ఆపారు. "ఈవిడ ఎవరు? ఈవిడ రక్తం ఎవరైనా చూశారా?" అన్నారు. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఒక్కసారి పరీక్ష చేయించుకోండి అత్తయ్యా. నాకోసం. మీరు తిన్నారా?

మీ కోడలు

తా.క.: గుండీ కడిగి దాచాను. నాలుగు కళ్ల గుండీ, ముదురు ఆకుపచ్చ. మీకు తెలిసిన గుండీయేనా?

*

గౌరవనీయులైన కోడలుగారికి,

తమరి ఉత్తరం అందింది. తమరు చదువుకున్నవారు, మైకులో మాట్లాడేవారు, తమరు చెప్తే వినాలి గదా.

టీని అంటే నన్నన్నట్టే. ఇన్నేళ్లుగా ఈ కొట్టుని, మీ ఆయన చదువుని, ఈ ఇంటిని నడిపింది టీ. మీ మామయ్య పోయిన ఏడాది నేను తాగింది టీ, మింగింది కన్నీళ్లు. ఆ టీ ఇవాళ దొంగైందా? పక్క కొట్టు చెప్పులాయనకి చెప్తే ఆయన కూడా నొచ్చుకున్నాడు. ఇద్దరం ఒక కప్పు తాగి ఊరుకున్నాం.

సరే, మీ డాక్టరమ్మగారికి నా రక్తం కావాలన్నమాట. ఇస్తాను. మా వీధి చివర పరీక్షల గది ఉంది. రేపే వెళ్తాను. రోజూ సుద్ద కొరికే మనిషి, టీతో బతికే మనిషి, ఈ వీధి మొత్తంలో గట్టి మనిషి అంకె ఎంతుంటుందో మీ ఆసుపత్రి వాళ్లకి పంపుతాను. అప్పుడు తెలుస్తుంది మిషను ఎవరిది పాడైందో.

ఇట్లు,
తమరి అత్తగారు

తా.క.: ఆ కాగితానికి ఫ్రేము కట్టించి పంపుతాను. గోడకి మేకు కొట్టించి సిద్ధంగా ఉండమనండి.

తా.క. మళ్లీ: కోపంలో రాశాను గానీ నువ్వు నిమ్మరసం తాగుతూనే ఉండు. అందులో పోయేదేముంది.

*

అత్తయ్యా, అత్తయ్యా,

అక్షరాలు గంతులేస్తున్నాయి, సర్దుకుని చదువుకోండి. పది దాటింది. పది పాయింటు నాలుగు. డాక్టరమ్మ కాగితం నా వైపు తిప్పి చూపించారు, నేను మీ అబ్బాయి వైపు తిప్పాను, ఆయన పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలీని ముసలాయనకి చూపించారు. ఆ ముసలాయన లేచి మా ఆయన్ని కావలించుకున్నాడు. ఇంకా పదకొండు కావాలట, మాత్రలు కాన్పయ్యాక కూడా ఆపకూడదట. కానీ ఇదే ఊపులో ఉంటే కాన్పు మా వీధిలోనే.

ఇవాళ మైకు ముందు కూర్చుని మొదటి ఊరి నుంచి ఆఖరి ఊరి దాకా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. బస్టాండంతా నా గది వైపు తిరిగింది. ఆ రోజు దిగిపోయిన డ్రైవరు హారన్ కొట్టాడు. లోపలున్నది కూడా ఒకటి గట్టిగా తన్నింది.

ఇంత సంతోషంలోనూ ఒకటే దిగులు. మూడు వారాలైంది, మీ దగ్గర్నుంచి ఫ్రేమూ లేదు, ఉత్తరమూ లేదు. నిన్న ఆగలేక ఫోను చేశాను. చెప్పులాయన ఎత్తి, "ఆవిడ లేరు" అని పెట్టేశాడు. వెనకాల మీ మిషన్ చప్పుడు లేదు. మన రెండిళ్ల మధ్యా ఆ చప్పుడు లేని ఫోను నేనెప్పుడూ వినలేదు. కోపమైతే తిట్టండి, పడతాను. తిట్టడానికైనా రాయండి.

మీరు తిన్నారా?

మీ కోడలు

తా.క.: జవాబు రాకపోతే శనివారం బస్సులో మేమే వస్తున్నాం. ఆ బస్సు బయల్దేరుతోందని నేనే మైకులో చెప్పి, నేనే ఎక్కేస్తాను.

*

అమ్మాయ్,

పది పాయింటు నాలుగు అన్న దగ్గర నేను ఎంత గట్టిగా అరిచానంటే ముగ్గురు నర్సులు పరిగెత్తుకొచ్చారు. నర్సులెక్కడి నుంచి వచ్చారంటావా? చెప్తాను. అటూ ఇటూ తిప్పకుండా చెప్తాను.

పరీక్షల గదికి వెళ్లాను. అక్కడి కుర్రాడు సూది గుచ్చి, లోపలికెళ్లి, బయటికొచ్చి నన్ను కూర్చోమన్నాడు. నేను కూర్చునే మనిషినా? నిలబడే అడిగాను. ఆరున్నర అన్నాడు. నీ మిషన్‌కి నూనె వేసి ఎన్నాళ్లైందిరా అన్నాను. మళ్లీ చేయించాను, అదే ఆరున్నర. ముందు నీది చూడు అంటే పాపం వాడి రక్తం వాడే తీసుకున్నాడు, పద్నాలుగు వచ్చింది. వదుల్తానా? చెప్పులాయన్ని లాక్కెళ్లాను, ఆయనకి పదమూడు. నేను తీసుకెళ్లిన ప్రతివాడికీ అది నిజమే చెప్పింది. ఇక నాకొక్కదానికే అబద్ధం చెప్తుందని ఎలా అనను?

నువ్వు కడుపుతో ఉండి ఎనిమిది దగ్గర ఏడ్చావు. నేను ఆరున్నర పెట్టుకుని నీకు బలం కబుర్లు రాశాను.

ఆసుపత్రిలో చేర్చుకున్నారు. నరంలోకి ఇనుము ఎక్కించారు. నీకు తప్పింది నాకు పట్టింది, కోడలికంటే ముందు అత్త మంచమెక్కింది. ఇక్కడి డాక్టరు అన్నీ అడిగాడు. నెలసరి ఎక్కువగా అవుతుందా అన్నాడు. చాలా ఏళ్లుగా అంతే, అందరికీ అంతే కదా అన్నాను. కాదట. రక్తమంతా అక్కడే పోతోందట, దానికీ మందు మొదలుపెట్టాడు. పైగా ఆ టీ. పైగా ఆ సుద్ద. ఇన్నేళ్లూ అది నా రుచి అనుకున్నాను అమ్మాయ్, జబ్బట.

చెప్పులాయనకి ఒట్టు పెట్టి ఎవరికీ చెప్పొద్దన్నాను. కడుపుతో ఉన్నదానివి, భయపడతావని. నువ్వు భయపడుతూనే ఉన్నావని, ఆయన నీ ఉత్తరం ఆసుపత్రికి తెచ్చిచ్చాకే తెలిసింది. సిగ్గేసింది. నిన్న ఇంటికొచ్చాను. మెట్లెక్కాను, లేచి నిలబడ్డాను, గది కదల్లేదు. ఎంతసేపు చూశానో, అది తన చోటే ఉంది. గదులు ఊరికే అలా నిలబడి ఉంటాయని నేను మర్చిపోయాను.

నీ డాక్టరమ్మకి చెప్పు, ఇద్దర్ని బతికించిందని. కాదు, ముగ్గుర్ని. కాన్పు నాటికి నేను నీ దగ్గరుంటాను. చిన్నదాని చొక్కాలు కుట్టేశాను, కాజాలే మిగిలాయి.

మీ అత్త

తా.క.: ఫ్రేము కట్టించాను. ఆరున్నర. నీకు పంపట్లేదు. మిషన్ ఎదురుగా గోడకి తగిలించాను, టీ కప్పు ఎత్తినప్పుడల్లా కనపడేలా. ఇస్త్రీ పెట్టె జాగ్రత్త, చొక్కాలకి కావాలి. ఆ ఆకుపచ్చ గుండీ కూడా తెచ్చివ్వు. దానికోసం ఒకావిడ కోటు ఏడాదిగా నా కొట్లో వేలాడుతోంది.

తా.క. మళ్లీ: నువ్వు ప్రతి ఉత్తరం చివరా ఒక మాట అడుగుతావు. ఇన్నాళ్లూ దానికి జవాబు రాయలేదు. మరిచిపోయి కాదు. మీ మామయ్య పోయాక నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు, ఏం రాయాలో తెలియలేదు. ఇప్పుడు రాస్తున్నాను. తిన్నాను. పప్పు, ఆకుకూర, గుడ్డు, పైన నిమ్మకాయ. నోట్లో సూదులు తీసి పక్కన పెట్టి, కూర్చుని తిన్నాను.